క్వింటా తీసే ముందు కాటా ఎక్కించు

ప్రశ్న: బాబాయ్ గారూ, నమస్కారం. మాది గుంటూరు, లక్ష్మీపురం. వయసు 36. నాన్నతో కలిసి మిర్చి కమీషన్ వ్యాపారం చేస్తాను. చిన్నప్పటి కోరిక తీర్చుకుందామని పోయిన దసరాకి హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర 2012 మోడల్ పోర్షే కేమన్ ఎస్ కొన్నాను. పీడీకే గేరుబాక్సు, అంటే క్లచ్ తొక్కక్కర్లేని ఆటోమేటిక్. పాత ఓనరు వెనక డిక్కీలో పెద్ద సబ్‌వూఫర్, యాంప్లిఫయర్ పెట్టించాడు, బయట కొన్న 20 ఇంచుల చక్రాలు వేయించాడు. ఆదివారం తెల్లవారుజామున కొండవీడు ఘాట్ ఎక్కి రావడం, అప్పుడప్పుడు బెజవాడ, ఏడాదికి ఒకటి రెండుసార్లు చెన్నై దగ్గర ట్రాక్. ఇదే నా వాడకం. బండి బాగుంది గానీ మలుపుల్లో కాస్త మొద్దుగా అనిపిస్తోంది. అదే కంపెనీ చేసిన కేమన్ ఆర్ బరువు 1,295 కిలోలట, నాది 1,375. ఆటోనగర్‌లో మా మెకానిక్ ఏసీ, సీట్లు, లోపలి కార్పెట్లు, తారు షీట్లు, అన్నీ పీకేసి వెనక అద్దం ప్లాస్టిక్‌ది వేస్తే క్వింటా బరువు తగ్గిద్ది అంటున్నాడు. మా ఆవిడేమో ఏసీ తీస్తే ఆ కారు మొహం చూడనంటోంది. తనది తెనాలి, పుట్టింటికి ఈ కారులోనే వెళ్లాలని ముచ్చట. బరువు తగ్గాలి, బండి మాత్రం కూర్చోబుద్ధయ్యేలా ఉండాలి. దారి చెప్పండి. ఇంకో మాట. కేమన్ ఆర్‌లో తలుపు తీయడానికి హ్యాండిల్ బదులు గుడ్డ తాడు ఉంటుంది కదా, అది పెట్టించనా? మా ఆవిడ దాన్ని చూసి సిటీ బస్సులో పట్టుకునే పట్టీలా ఉందంది.

జవాబు: అబ్బాయ్, ముందు మీ మెకానిక్ చేతిలో స్పానర్ కింద పెట్టించు. నాలుగు రోజులు ఆగితే మునిగిపోయేదేమీ లేదు.

నీ లెక్కలో చిన్న తిరకాసు ఉంది, అది సరిచేసుకుని మొదలుపెడదాం. 1,295 కిలోలన్నది మాన్యువల్ గేరుబాక్సుతో వచ్చిన కేమన్ ఆర్ బరువు. మాన్యువల్ కేమన్ ఎస్ 1,350. అంటే కంపెనీవాళ్లు నిజంగా తీసింది 55 కిలోలే. నీ 1,375లో మిగతా 25 కిలోలు పీడీకే గేరుబాక్సువి. దాన్నేం చేయలేవు, చేయనూ వద్దు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నిన్ను కాపాడేది అదే. పైగా ఈ అంకెలన్నీ డ్రైవర్ లేకుండా, ట్యాంకులో దాదాపు నిండా పెట్రోలుతో కట్టే జర్మన్ లెక్క. యూరప్ లెక్కలో ఇంకో 75 కిలోలు మనిషికీ సామానుకీ కలుపుతారు. ఒకచోట ఒక అంకె, ఇంకోచోట ఇంకో అంకె చూసి కంగారుపడకు.

ఇప్పుడు ఆలోచించు. ప్రపంచంలో బండి బరువు తగ్గించడం బాగా తెలిసిన కంపెనీల్లో ఒకటి ఫ్యాక్టరీలో కూర్చుని, తలుపులు అల్యూమినియంవి వేసి, తేలిక బకెట్ సీట్లు పెట్టి, ఏసీ, రేడియో తీసేసి, పెట్రోలు ట్యాంకు కూడా 64 లీటర్ల నుంచి 54కి కుదించి సాధించింది 55 కిలోలు. మీ మెకానిక్ రెండు రోజుల్లో క్వింటా అంటున్నాడు. తీయగలడు, కాదనను. తీశాక మిగిలే బండి సంగతే నేను మాట్లాడేది.

మొదట బండిని కాటా ఎక్కించు. గుంటూరులో ఉండి, అందునా మిర్చి వ్యాపారం చేస్తూ, తూకం వేయకుండా బరువు మాట్లాడటం నీకు తగదు. తెల్లవారుజామున లారీలు లేని వేళ వేబ్రిడ్జికి తీసుకెళ్లు. ట్యాంకు నింపి, నువ్వు దిగి, మొత్తం బండిని ఒకసారి తూకం వేయించు. తర్వాత ముందు చక్రాలు రెండే కాటా మీద ఉంచి ఒకసారి, వెనక చక్రాలు రెండే ఉంచి ఒకసారి. మూడు చీటీలూ దాచుకో. లారీ కాటా ఐదు కిలోలకో పది కిలోలకో ఒక అంకె చూపిస్తుంది, అంతకంటే సన్నంగా చెప్పదు. అందుకే బండిలోంచి తీసిన ప్రతి సామానునీ మీ కొట్లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తూచే కాటా మీద పెట్టి, ఒక పుస్తకంలో రాసుకో. పేరు, కిలోలు, బండిలో ఎక్కడుండేది, తీస్తే పోయే సుఖం ఏంటి, బదులు పెట్టేదానికి ఎంతైంది. ఈ పుస్తకం నెలరోజులు రాస్తే నా దగ్గరికి ఉత్తరం రాసే పని కూడా ఉండదు.

ముందు చక్రాల తూకం, వెనక చక్రాల తూకం విడివిడిగా ఎందుకంటే, నీ కారులో ఇంజను సీట్ల వెనక, వెనక ఇరుసుకి ముందు ఉంది. బరువు సహజంగానే వెనక్కి మొగ్గి ఉంటుంది. నువ్వు ముందు డిక్కీ వైపు నుంచే ఊడబీకుతూ పోతే ముక్కు ఇంకా తేలికై, మలుపులో ముందు టైర్లు సరిగ్గా కరవవు. మొత్తం అంకె తగ్గిందని నువ్వు సంబరపడతావు, స్టీరింగేమో నీకు కబుర్లు చెప్పడం మానేస్తుంది.

ఇంకో సంగతి. కిలోలన్నీ ఒకటి కావు. కావడి మోసేవాణ్ణి చూశావుగా. బద్ద రెండు చివర్లా నీళ్ల కుండలుంటే, వాడు ఉన్నచోట గిర్రున తిరగలేడు. తిరగడం మొదలుపెట్టాక ఆగలేడు కూడా. అవే కుండలు భుజానికి దగ్గరగా జరిపితే బరువు అదే గానీ మనిషి బొంగరంలా తిరుగుతాడు. నీ కారుకి ఇంజను నడుమ పెట్టింది ఆ సుఖం కోసమే. పాత ఓనరుగారు వెనక డిక్కీ చివర సబ్‌వూఫర్ కట్టి ఆ కావడికి మళ్లీ కుండ తగిలించాడు. మలుపుల్లో మొద్దుగా ఉందన్నావు కదా, నా మొదటి అనుమానం దాని మీదే. చెక్కపెట్టె, అయస్కాంతం, యాంప్లిఫయర్, లావు వైర్లు, అన్నీ కలిపి పాతిక కిలోలు తేలినా నేను ఆశ్చర్యపోను. తీసెయ్. కారుతో వచ్చిన స్పీకర్లు చాలు. అంత మంచి ఆరు సిలిండర్ల ఇంజను చెవి వెనకే పాడుతుంటే దాని మీద ఇంకో మోత దేనికి?

తర్వాత చక్రాలు. ఈ ఉత్తరంలో నీకు నేను చెప్పే అసలు కిటుకు ఇదే, కాస్త నిదానంగా చదువు.

స్ప్రింగు పైన ఉన్న బరువు వేరు, స్ప్రింగు కింద ఉన్న బరువు వేరు. వీపు మీద ఐదు కిలోల సంచీతో ఇంద్రకీలాద్రి మెట్లెక్కగలవు. అదే ఐదు కిలోలు కాళ్లకి బూట్లుగా తొడుక్కుని ఎక్కి చూడు. చక్రం, టైరు, బ్రేకు డిస్కు, ఇవన్నీ కారు వేసుకున్న బూట్లు. బరువైన చక్రం గతుకులో పడితే స్ప్రింగు దాన్ని వెంటనే కిందికి నొక్కలేదు, ఆ క్షణం టైరు రోడ్డుని వదిలేస్తుంది, దెబ్బ నీ నడుముకి తగులుతుంది. దానికి తోడు చక్రం తిరుగుతుంది. అంచు దగ్గర ఉన్న కిలోని ముందుకు తోయాలి, గుండ్రంగానూ తిప్పాలి. అందుకే బండి వేగం అందుకునేటప్పుడు టైరు దగ్గరున్న ఒక కిలో డిక్కీలో ఉన్న ఇంచుమించు రెండు కిలోలతో సమానం.

నీ కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చింది 18 ఇంచుల చక్రాలతో. టైరు కొలత ముందు 235/40, వెనక 265/40. 19 ఇంచులు అదనపు డబ్బు కట్టినవాళ్లకి. 20 ఇంచులు పాత ఓనరు గారి సరదా. పెద్ద చక్రం అంటే లోహం ఎక్కువ, టైరు గోడ సన్నం. గోడ సన్నమైతే మెత్తదనం పోతుంది, గుంటలో పడితే రిమ్ము వంగుతుంది. మళ్లీ 18కి రా. కంపెనీ కొలతే కాబట్టి చట్టంతోనూ పేచీ లేదు. వీలైతే పోతపోసినవి కాకుండా ఫోర్జింగ్ చేసిన చక్రాలు తీసుకో, అంటే వేడి లోహాన్ని ప్రెస్సు కింద అదిమి చేసినవి. అవి తక్కువ లోహంతో ఎక్కువ గట్టిగా ఉంటాయి. చౌకగా దొరికే తేలిక పోత చక్రాల జోలికి మాత్రం పోకు. నాణ్యం లేనిది మన రోడ్ల మీద పగిలిపోతుంది. కేమన్ ఆర్‌కి ఇచ్చిన 19 ఇంచుల చక్రాలు నాలుగూ కలిపి 40 కిలోల లోపే. నీ 20 ఇంచులవి ఒక్కోటీ కాటా మీద పెట్టి చూడు, నేను చెప్పక్కర్లేదు. టైరుతో కలిపి మూలకి నాలుగైదు కిలోలు తగ్గినా మొత్తం మీద పదహారు, ఇరవై. పైగా బండి మెత్తబడుతుంది, స్టీరింగు చురుకవుతుంది, టైర్ల ఖర్చూ తగ్గుతుంది. బరువూ సుఖమూ ఒకదానికొకటి శత్రువులని ఎవరన్నా అంటే ఈ చక్రాలే చూపించు.

టైర్లు కొనేటప్పుడు పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర చూడు. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని. ఎండలో గట్టిపడ్డ పాత టైరు ఎంత తేలికైనా దండగే.

పెట్రోలు సంగతి. నీ ట్యాంకు 64 లీటర్లు. లీటరు పెట్రోలు ముప్పావు కిలో వేసుకో. నిండు ట్యాంకు 48 కిలోలు, అంటే మీ యార్డు భాషలో ఒక టిక్కీ. కొండవీడు పోయి రావడానికి ఒక టిక్కీ ముందు పెట్టుకుని ఎందుకు? సగం ట్యాంకుతో పో. రూపాయి ఖర్చు లేకుండా, స్పానర్ ముట్టుకోకుండా 24 కిలోలు తగ్గాయి. కంపెనీవాళ్లు కేమన్ ఆర్‌కి ట్యాంకు కుదించింది ఊరికే కాదు. చెన్నై వెళ్లేటప్పుడు మాత్రం నింపుకో, నెల్లూరు దాటాక బంకు వెతుక్కునే అవస్థ వద్దు.

బ్యాటరీ మార్చు, డబ్బులుంటే. 2010లో పోర్షే తన జీటీ3, బాక్స్‌టర్ స్పైడర్ కార్లకి లిథియం స్టార్టర్ బ్యాటరీ ఇవ్వడం మొదలెట్టింది. బరువు ఆరు కిలోల లోపు, మామూలు సీసం బ్యాటరీ కంటే పది కిలోల పైన తక్కువ. తమాషా ఏంటంటే, చలిలో అది మొరాయిస్తుందని కూడా ఒక మామూలు బ్యాటరీ ఇచ్చేవారు. గుంటూరులో మనకి ఆ భయం లేదు, మనకున్నది ఉడుకు భయం. నీ కారులో బ్యాటరీ ముందు వైపు, ఇంజను వేడికి దూరంగా ఉంటుంది కాబట్టి ఫర్వాలేదు. కాకపోతే నెలల తరబడి కదపకుండా పెడితే లిథియం బ్యాటరీ పూర్తిగా దిగిపోయి మళ్లీ లేవకపోవచ్చు. దానికి తగిన ఛార్జరు కూడా కొనుక్కో. ఇది ముందు వైపు తగ్గే బరువని నీ పుస్తకంలో రాసుకోవడం మర్చిపోకు.

ఇప్పుడు మీ మెకానిక్ చెప్పిన పద్దు. ఏసీ, కార్పెట్లు, తారు షీట్లు. ఇక్కడ నా సొంత భాగోతం చెప్పాలి.

1994 వేసవి. పటమటలో నాకు చిన్న షెడ్డు. సొంతానికి ఒక పాత మారుతి 800. మొత్తం బండే ఆరున్నర క్వింటాళ్లు, దాన్ని ఇంకా తేలిక చేయాలని నాకు పురుగు తొలిచింది. వెనక సీటు తీశాను. తలుపుల లోపలి అట్టలు తీశాను. ఫ్లోరు మీద అంటించిన తారు షీట్లని మూడు రాత్రులు కూర్చుని ఉలితో చెక్కాను. అరక్వింటా దాకా తీసిన గుర్తు. మొదటి రోజు బందరు రోడ్డు మీద ఎగిరినట్టే ఉంది. రెండో రోజు మధ్యాహ్నం గుంటూరు బయల్దేరాను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, నా పాదాలు పగిలాయి. ఎగ్జాస్టు గొట్టం పైన ఉన్న రేకు పెనం అయింది. టైరు ఎగజిమ్మిన ప్రతి గులకరాయీ డబ్బాలో వేసి ఊపినట్టు మోత. మంగళగిరి దగ్గరికి వచ్చేసరికి నాకు ఇంజను శబ్దం తప్ప అన్నీ వినిపిస్తున్నాయి. ఆ తర్వాతి ఆదివారం మా ఆవిడ చీర కొంగు తలుపులో బయటపడ్డ అద్దం గేరులో ఇరుక్కుంది. కొత్త చీర. ఇక చెప్పేదేముంది.

నష్టం అక్కడితో ఆగలేదు. ఎక్కడికి వెళ్లాలన్నా నా చెయ్యి స్కూటర్ తాళం వైపే పోయేది. ఆగస్టు దాకా ఆ బండి షెడ్డులో దుమ్ము పట్టింది. ఎంత తేలికో ఎవరికి తెలుసు, తోలితే కదా! చివరికి షీట్లు కొని మళ్లీ అంటించాను, తీసినప్పటి కంటే రెట్టింపు ఖర్చుతో.

నీ కారులో ఆ తప్పు ఇంకా ఖరీదైంది. నీ ఇంజను వీపు వెనకే ఉంది. సీట్ల వెనక కార్పెట్ ఎత్తి, దాని కింది మూత విప్పితే నేరుగా ఇంజనే. ఆ కార్పెట్, ఆ మూత, ఆ స్పాంజీ పొర నీకూ మంటకూ మధ్య ఉన్న గోడ. చలిదేశాల్లో దాన్ని తీసేసి సంతోషపడేవాళ్లు ఉంటారు. మే నెలలో మన ఎండ 45 డిగ్రీలు తాకే రోజుల్లో, లోపలి నుంచి కూడా పొయ్యి పెట్టుకుంటానంటే నీ ఇష్టం.

ఏసీ తీయొద్దు. కేమన్ ఆర్‌లో ఏసీ, రేడియో రెండూ తీస్తే తగ్గింది పదిహేను కిలోలు, అడిగినవాళ్లకి మళ్లీ పెట్టించి ఇచ్చారు కూడా. దానికంటే ఎక్కువ నువ్వు సగం ట్యాంకుతోనే గెలిచావు. ఫెరారీ ఎఫ్40 పేరు వినే ఉంటావు. 1987లో వచ్చింది. అందులో కార్పెట్ లేదు, రేడియో లేదు, తలుపు లోపలి హ్యాండిల్ కూడా లేదు, తాడే. ఏసీ మాత్రం ఉంది. లోపల ఉడికిపోతుందని వాళ్లకీ తెలుసు. 1,140 కిలోల లోపున్న మెక్‌లారెన్ ఎఫ్1 కారుని గోర్డన్ ముర్రే గ్రాములు లెక్కపెట్టి గీశాడు. అందులోనూ ఏసీ ఉంది, పాటలు వినే ఏర్పాటూ ఉంది. ఇటలీలో, ఇంగ్లండులో తిరిగే కార్లకే ఏసీ ఉంటే గుంటూరు కారుకి ఎందుకు తీయాలి? చెమట కారుతున్నవాడు స్టీరింగు సరిగ్గా పట్టలేడు. మీ ఆవిడ చెప్పిందే రైటు.

పోర్షేలోనే ఇంకా పాత కథ ఒకటుంది. 1973 మోడల్‌గా వచ్చిన 911 కరేరా ఆర్ఎస్ 2.7. రేసు నిబంధన కోసం 500 బళ్లు అమ్మితే చాలనుకుని మొదలుపెట్టారు, 1,580 పోయాయి. అందులో రోడ్డు కోసం చేసినవి ప్రధానంగా రెండు రకాలు. అన్నీ పీకేసిన తేలిక రకం ఒకటి, దానికంటే దాదాపు క్వింటా బరువెక్కువగా, మామూలు సీట్లు కార్పెట్లతో వచ్చే టూరింగ్ రకం ఒకటి. తేలిక రకం కొన్నది 200 మంది. టూరింగ్ రకం 1,308. కొన్నవాళ్లు తెలివితక్కువ వాళ్లేం కాదు. రోజూ తోలుకోవాలనుకున్నారు, అంతే. ఇవాళ వేలంలో తేలిక రకానికి ఎక్కువ ధర పలుకుతుందనుకో, అది దాచుకునేవాళ్ల గొడవ.

పుట్టుకతో తేలికైన కారు వేరు. మాజ్దా ఎంఎక్స్-5 అని ఒకటుంది, 1989 నుంచి చేస్తున్నారు. 2015లో వచ్చిన నాలుగో తరం కూడా టన్నుకి అటూ ఇటూనే. ఏసీ ఉంటుంది, టాపు ఉంటుంది, ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. దాని ఇంజనీర్లు వెనక చూసే అద్దం దగ్గర కూడా గ్రాములు గీకారు. కానీ గీకింది డ్రాయింగు బల్ల మీద, ఉలితో కాదు. లోటస్ కంపెనీ 1996లో ఎలీస్ తెచ్చినప్పుడు అల్యూమినియం ముక్కల్ని జిగురుతో అంటించి చేసిన దాని ఛాసిస్ 68 కిలోలు. అదే కంపెనీ 2023లో మన దేశానికి వచ్చి మొదట అమ్మకానికి పెట్టింది రెండున్నర టన్నుల ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ. కాలం మరి.

సీట్లు. ఇక్కడ నేను కాస్త తటపటాయిస్తాను. కేమన్ ఆర్ బకెట్ సీట్లు రెండూ కలిపి డజను కిలోలు తగ్గించాయి, కాబట్టి ఉపయోగం ఉంది. కానీ నీ సీటు పక్కకుట్టులో ఎయిర్‌బ్యాగు ఉంది. బయట దొరికే బకెట్ సీటు వేస్తే అది పోతుంది, డాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలుగుతుంది, ఆ లైటు ఆర్పడానికి ఎవడో ఒక చిన్న రెసిస్టరు పెట్టి అంతా బాగుందని చెప్తాడు. అలా చెప్పేవాడి దగ్గర్నుంచి బండి తీసుకుని వచ్చెయ్. వేయాలనుకుంటే ఎయిర్‌బ్యాగుతో సహా వచ్చే కంపెనీ సీటే వెతికి వెయ్యి, అదీ నీ వైపు ఒక్కటే. ఎత్తు అంచుల సీటులోంచి చీరతో దిగడం ఎంత కష్టమో తెనాలిలో వీధి వాకిట్లో పదిమంది ముందు తెలుసుకోనక్కర్లేదు.

అద్దం మార్చకు. ప్లాస్టిక్ అద్దం రెండు వేసవుల్లో గీతలు పడి మసకబారుతుంది, రాత్రి ఎదురు లైట్లకి ఏమీ కనపడదు. రోడ్డు మీద తిరిగే బండికి సేఫ్టీ గ్లాసు ఉండాలన్న నిబంధన సరేసరి. బ్రేకులకి సిరామిక్ డిస్కులు ఇనుపవాటిలో సగం బరువే ఉంటాయి గానీ, ధర చూస్తే ఇంకో కారు కొనొచ్చు. వదిలెయ్.

సైలెన్సర్ మార్చొచ్చు. అది బండి కొసన వేలాడే బరువు, కావడి కుండ లెక్క. కాకపోతే బిగించక ముందు అదే సైలెన్సర్ ఉన్న కారులో హైవే మీద వంద స్పీడులో పది నిమిషాలు కూర్చుని చూడు. కొన్ని ఆ వేగం దగ్గర గుయ్యిమని చెవిలో తేనెటీగ దూరినట్టు మోగుతాయి. చిలకలూరిపేట దాటేలోపే తలనొప్పి. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరు మాత్రం కదపొద్దు.

చట్టం మాట కూడా చెవిన వేసుకో. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి, ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చే మార్పులు చేయకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అంతకంటే నాకు భయం ఇన్సూరెన్సు వాళ్లతో. చేసిన మార్పు ముందే చెప్పకపోతే, క్లెయిము రోజున వాళ్లకి గుర్తొచ్చేది అదే.

ఎంత లాభమో లెక్క చూద్దామా. నీ ఇంజను శక్తి 320 గుర్రాలు, అంటే హార్స్‌పవర్. నిన్ను కలుపుకుని బండి 1,450 కిలోలనుకో. అందులో 55 తగ్గిస్తే, బరువు తగ్గించకుండా ఇంకో 12 గుర్రాలు కలిపినంత ఊపు వస్తుంది. కేమన్ ఆర్ ఇంజను 330 గుర్రాలని గుర్తుంచుకుంటే, ఇది చిన్న సంగతేం కాదు. గుర్రాలు బండి లాగడానికే పనికొస్తాయి, తగ్గిన బరువు బ్రేకుకీ మలుపుకీ టైరుకీ కూడా పనికొస్తుంది. నీ పద్దు చూడు. సబ్‌వూఫర్ పాతిక, చక్రాలు టైర్లు పద్దెనిమిది, బ్యాటరీ పది, సగం ట్యాంకు ఇరవై నాలుగు. డెబ్బై ఏడు. ఏసీ చల్లగా ఉంది, కార్పెట్ అలాగే ఉంది, ఆవిడ పక్కనే ఉంది.

వీటన్నిటికంటే ముందు అడగాల్సింది ఒకటుంది, చివర్లో గుర్తొచ్చింది. బండి మొద్దుగా ఉందంటే బరువే కారణమని ఎందుకనుకున్నావు? పన్నెండేళ్లు దాటిన బండి. మన ఎండకి సస్పెన్షన్ బుష్షుల రబ్బరు పగిలి ఉంటుంది. షాక్ అబ్జార్బర్లు అరిగి ఉంటాయి. పెద్ద చక్రాలు వేసిన రోజున ఎవరన్నా అలైన్‌మెంట్ సరిగ్గా చూశారా? బండిని పైకెత్తించి బుష్షులు ఒక్కొక్కటీ కడ్డీ పెట్టి కదిపి చూడమను. చాలాసార్లు ఓనరు క్వింటా బరువు అనుకున్నది, అరచేతిలో పట్టే నాలుగు రబ్బరు ముక్కలై తేలుతుంది. బుష్షులు, చక్రాలు, సబ్‌వూఫర్ అయ్యాక అలైన్‌మెంట్ చేయించి, ఒక నెల తోలు. ఆ తర్వాత కూడా కోరిక మిగిలితే బ్యాటరీ, సైలెన్సర్. కేమన్ ఆర్‌ని చూసి బండి కిందికి దించొద్దు. వాళ్లు 20 మిల్లీమీటర్లు దించారు, వాళ్ల ఊళ్లో మన స్పీడ్ బ్రేకర్లు లేవు.

ట్రాక్ రోజుకి వేరే లెక్క. చెన్నై చేరాక మ్యాట్లు, సామాన్లు, రెండు డిక్కీల్లో ఉన్నదంతా లాడ్జిలో దించేసి పావు ట్యాంకుతో ట్రాక్ ఎక్కు. అక్కడ ఏసీ ఆపుకో, ఎవరూ ఏమీ అనరు. సాయంత్రం అన్నీ మళ్లీ ఎక్కించుకుని, ఏసీ వేసుకుని ఒంగోలు మీదుగా చల్లగా ఇంటికి రా.

తాడు సంగతి అడిగావు. హ్యాండిల్ తీసి తాడు పెడితే తగ్గేది నీ మిర్చి కాటా మీద కూడా కనపడదు. అది కేవలం ముచ్చట. ముచ్చటే కాబట్టి కాదనను. ఆవిడ వైపు తలుపుకి మాత్రం హ్యాండిల్ ఉంచి, నీ వైపు పెట్టుకో. రంగు ఆవిణ్ణే ఎంచమను. ఏదోరోజు తనే, నా వైపు ఎందుకు పెట్టలేదు అని అడుగుతుంది, అప్పుడు పెట్టిద్దువు గాని.